జూలై ఎండలో క్రిస్మస్ మంచు

అమెరికాలోని హాల్‌మార్క్ అనే టీవీ ఛానెల్‌లో వచ్చే క్రిస్మస్ ప్రేమకథల్ని 'చివరికి ఏమవుతుందో ముందే తెలుసుగా' అని తీసిపారేస్తుంటారు. తెలుసు, నిజమే. కానీ అవి అలా ఉండటానికి రచయితల బద్ధకం కన్నా ప్రకటనలూ కాల్షీట్లే ఎక్కువ కారణం.

రెండు గంటల స్లాట్‌లో సినిమా 84 నిమిషాల దాకా ఉంటుంది, మిగతాది ప్రకటనలు. అందుకే స్క్రిప్టును తొమ్మిది అంకాలుగా రాస్తారు. మొదటిది అన్నిటికన్నా పొడవు, ఛానెల్ మార్చేలోపు చూసేవాణ్ణి కట్టిపడేయాలి కదా. ప్రతి బ్రేకు ముందూ ఏదో ఒక ముడి పడాలి. ముద్దు దాకా వచ్చి ఎవరో పిలవడం, సిటీ నుంచి ఫోను రావడం అందుకే. మన సీరియల్లోలా ఒకే ముఖాన్ని మూడుసార్లు జూమ్ చేసి నెట్టుకురావడం ఇక్కడ కుదరదు. పెద్ద అపార్థం సాధారణంగా ఎనిమిదో అంకం చివర పడుతుంది. తొమ్మిదో అంకంలో అది పది నిమిషాల్లో తీరిపోవాలి కాబట్టి, ఒక్క మాటతో తీరిపోయే తగాదానే పెడతారు. ఈ సినిమాల్లో నాకు ఎప్పుడూ తేలిపోయినట్టనిపించేది ఆ తగాదాయే.

షూటింగ్ దాదాపు 15 రోజులు, అంటే రోజుకు స్క్రిప్టులో ఆరేడు పేజీలు. కథ అమెరికాలోని చిన్న ఊరిది, తీసేది ఎక్కువగా కెనడాలో. వాంకూవర్ దగ్గరి ఫోర్ట్ లాంగ్లీ, ఒట్టావా దగ్గరి ఆల్మాంట్ వీధులు ఎన్ని సినిమాల్లో కనిపించాయో. పన్ను రాయితీలూ, అమెరికా డాలరు కన్నా కెనడా డాలరు చౌక కావడమూ కలిసొస్తాయి.

చాలావాటికి షూటింగ్ వేసవిలోనే, కాబట్టి మంచును తయారు చేసుకోవాల్సిందే. దూరంగా కనిపించే పచ్చికమీద తెల్లటి దూదిలాంటి దుప్పట్లు పరుస్తారు. మెట్లు, కిటికీ అంచుల మీద కాగితపు పొడి చల్లుతారు. వాన పడిందంటే అది ముద్దయి జారిపోతుంది. హీరో హీరోయిన్లు నడిచే దారిలో మాత్రం నలగ్గొట్టిన ఐసు వేస్తే మేలు, అడుగు పడితే గుర్తు మిగలాలి మరి. పైనుంచి రాలేది సబ్బు నురగ. మిషను హోరుకు మాటలు సరిగా రికార్డవక డబ్బింగ్ చెప్పించాల్సి వస్తుంది. నురగ కోటు మీద కరిగి తడి మరకవుతుంది, తర్వాతి షాటుకు ఆ మరక ఉండకూడదు. ఇంతా చేసి వెనక చెట్టుకు పచ్చటి ఆకులుంటే అంతా వృథా. అందుకే కెమెరా చలికాలంలోనూ పచ్చగా ఉండే దేవదారు జాతి చెట్లవైపే తిరుగుతుంది.

నటుల నోట ఆవిరి రాదు, గమనించండి. కాఫీ కప్పులు ఖాళీవే, చేయి ఊపే తీరులో బరువు లేకపోవడం తెలిసిపోతుంది. ఉన్ని కోటు లోపల చాలాసార్లు స్వెటర్ ఉండదు, మెడ దగ్గర కనిపించే ముక్క మాత్రమే కుడతారు.

రాత్రి సీన్లదే అసలు చిక్కు. జూన్ నెలాఖరున వాంకూవర్‌లో సూర్యాస్తమయం తొమ్మిది దాటాకే, ఐదింటికల్లా తెల్లారిపోతుంది. అందుకని ఇంటి లోపలి రాత్రి సీన్లను కిటికీలకు నల్ల గుడ్డలు కట్టి పగలే లాగించేస్తారు. జూనియర్ ఆర్టిస్టులు నిండుగా కావలసిన కూడలి సీన్లన్నీ ఒకచోటికి చేరుస్తారు. కథలో వారాల తేడాతో జరిగే చెట్టు దీపాల పండగా, చివరి ముద్దూ ఒకే రాత్రి తీసేయడం మామూలే.