ఆకుపచ్చ రంగు కోసం పడ్డ పాట్లు

చెన్నై అన్నానగర్‌లోని మా ఇంట్లో మొక్కల అక్వేరియానికి కార్బన్ డయాక్సైడ్ అమర్చి మూడు వారాలైంది. సిలిండర్, రెగ్యులేటర్, గ్యాస్‌ను సన్నని బుడగలుగా వదిలే పింగాణీ డిఫ్యూజర్ కొళత్తూరులోని ఒక దుకాణంలో కొన్నాను. బిగించడానికి అరగంట కూడా పట్టలేదు.

డిఫ్యూజర్ నుంచి పొగమంచులా లేచిన బుడగలు నీటిపైకి చేరి పగిలిపోతున్నాయని చెబితే, గ్యాస్ వృథా అవుతున్నదనీ, ఇంకా ఖరీదైన డిఫ్యూజర్ కొనమనీ దుకాణదారుడు సలహా ఇచ్చాడు. వాయువులు ద్రవాల్లో ఎంత కరుగుతాయో చెప్పే హెన్రీ నియమాన్ని ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు బోధిస్తున్న నేను ఆ మాటను ఊరికే నమ్మదలచుకోలేదు. రెండు పరీక్షనాళికలను నీటితో నింపి తొట్టిలోనే తలకిందులుగా నిలిపి, ఒకదానిలోకి గ్యాస్‌ను నేరుగా వదిలాను, రెండవదానిలో నీటిపైకి చేరబోతున్న బుడగలను పట్టాను. తెల్లవారేసరికి మొదటిదానిలోని గ్యాస్ దాదాపు మాయమైంది. రెండవదానిలోది కొద్దిగా తగ్గి ఆగిపోయింది. సన్నని బుడగ పైకి వచ్చేలోపే దానిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలోకి వెళ్లిపోతుంది, నీటిలో కరిగి ఉన్న నత్రజని, ఆక్సిజన్ బుడగలోకి చేరతాయి. కాబట్టి పైన పగిలేది చాలామటుకు మామూలు గాలే. ఈ ప్రయోగం గురించి స్టాఫ్ రూములో రెండు రోజులు గొప్పగా చెప్పుకున్నాను.

ఆ గర్వం డ్రాప్ చెకర్ దగ్గర, అంటే నీటిలో గ్యాస్ ఎంత కరిగిందో రంగుతో చూపే చిన్న గాజుబుడ్డి దగ్గర అణిగింది. నీలం మందు మూడు చుక్కలు వేసి, మిగతాది తొట్టి నీటితోనే నింపమని దుకాణదారుడు చెబితే అలాగే చేశాను. నీలం ఉంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చ అయితే సుమారు 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు), పసుపు అయితే ప్రమాదం. మా ఇంట్లో పసుపును కూడా పచ్చ అనే అంటారు కనుక ఆకుపచ్చ రావాలని మా ఆవిడకు ప్రత్యేకంగా చెప్పి, రోజూ వాల్వు కొంచెం కొంచెం తిప్పుతూ వచ్చాను. నాలుగు రోజులైనా నీలం వదలలేదు. ఐదవ రోజు మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది: "ఏవండీ, మీరన్న ఆకుపచ్చ వచ్చింది గానీ, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి."

గ్యాస్ కట్టించి, గాలి పంపు వేయించి, నేను ఇల్లు చేరేసరికి మూడు నియాన్ టెట్రాలు చనిపోయాయి. దుకాణానికి వెళ్లి అడిగితే, "మీ చేపలే నీరసమైనవి సార్" అన్నాడు. ఇంటికి వచ్చి బోరు నీటిని పరీక్షిస్తే కార్బొనేట్ కాఠిన్యం, అంటే నీటిలోని బైకార్బొనేట్ల కొలత, 12 డిగ్రీలు తేలింది. చెకర్ రంగులను పోల్చే పట్టీ మాత్రం, అందులో తొట్టి నీటికి బదులు 4 డిగ్రీల ద్రావణం పోస్తారని తయారైనది. అదే ఆకుపచ్చకు మా నీటిలో మూడింతల గ్యాస్, అంటే సుమారు 90 పీపీఎం కావాలి. కాఠిన్యాన్ని మూడుతో గుణించి, దానిని పది ఘాతం (ఏడు మైనస్ పీహెచ్)తో హెచ్చవేసి గ్యాస్ ఎంతో తేల్చే ఆ లెక్కను పరీక్షలో నా విద్యార్థి తప్పు చేస్తే మార్కులు కోసేవాణ్ణి. చేపలు పోయిన దుఃఖం కంటే ఈ సిగ్గే ఎక్కువ రోజులు బాధించింది.

ద్రావణాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1.2 గ్రాముల తినే సోడా కరిగించి, అందులో 100 మిల్లీలీటర్లు తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తోనే లీటరు చేస్తే 4 డిగ్రీలు వస్తుంది. తూకం మాత్రం మా కాలేజీ ల్యాబులో వేశాను. వంటింటి త్రాసును నమ్మకండి. తొట్టిలోని గ్యాస్ చెకర్‌లోని గాలి ఖాళీని దాటి ద్రావణంలో కలవాలి కనుక రంగు గంటా రెండు గంటలు ఆలస్యంగా మారుతుంది. వాల్వు తిప్పిన వెంటనే రంగు చూసి మళ్లీ తిప్పడం నేను చేసిన రెండవ తప్పు.

ఇప్పుడు దీపాలకు రెండు గంటల ముందు గ్యాస్ తెరుస్తున్నాను, దీపాలు వెలిగేసరికి రంగు ఆకుపచ్చకు వస్తోంది, చేపలు అడుగునే తిరుగుతున్నాయి. బుడగలు మాత్రం ఇంకా పైకి వచ్చి పగులుతూనే ఉన్నాయి.