చీర ఫొటో ఎప్పుడు పెట్టాలి: నా బుధవారాల చిట్టా

మాది మంగళగిరి. మా మామగారి కాలం నుంచి ఇంట్లో గుంట మగ్గాలున్నాయి. ఇప్పుడు రెండే మిగిలాయి, మిగతా సరుకు తెలిసిన నేతగాళ్ళ దగ్గర తీసుకుంటాం. ముందుగదే కొట్టు. కొట్టులో బేరం మా ఆయనది, ఫోన్లో బేరం నాది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, వాట్సాప్‌లో రెండు బ్రాడ్‌కాస్ట్ లిస్టులు (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పోయేవి), రోజూ స్టేటస్. ఇదే నా షాపు.

2024 ఎండాకాలం దాకా టైము గురించి నేను ఆలోచించిందే లేదు. ఫొటో తీయగానే పెట్టేదాన్ని. మంగళగిరి నూలు చీరకి ఫొటో పొద్దున్నే తీయాలి. ఎనిమిదిన్నర దాటితే మా మేడ మీద ఎండ నేరుగా పడి నిజాం అంచులో జరీ తెల్లగా కొట్టేస్తుంది, అందులో నేసిన గోపురాల వరుస అసలు కనపడదు. పిట్టగోడ నీడలో, చెంగు కాస్త కిందికి వేలాడేసి తీస్తే పోగు పోగూ తెలుస్తుంది. అందుకని నా పోస్టులన్నీ ఎనిమిదింటికే. అంటే మా కొనేవాళ్ళంతా పిల్లలకి క్యారేజీలు కట్టే టైముకి.

అమ్మకాలు పెరగట్లేదని 499 రూపాయలు కట్టి ఒక ఆన్‌లైన్ క్లాసు విన్నాను. ఎవరిదో చెప్పను. చివర్లో ఒక పటం పంపారు. వారంలో ఏడు రోజులు, రోజుకి ఇరవైనాలుగు గళ్ళు. మంగళ, బుధ, గురువారాల్లో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా గళ్ళన్నీ ముదురాకుపచ్చ. సోమవారం జనం పనిలో మునిగిపోయి ఉంటారట, శుక్రవారానికి మనసు సెలవు మీదికి పోతుందట, కాబట్టి వారం మధ్యలో పెట్టాలట. వినడానికి బాగానే ఉంది. ఆ పటాన్ని కొట్టు గోడకి అంటించాను కూడా. సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు దాన్ని చూసి నవ్వాడు.

"పిన్నీ, కింద చిన్నక్షరాలు చూశావా? ఇది న్యూయార్క్ టైము."

ఎండాకాలంలో అక్కడి పొద్దున తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర, పదకొండంటే రాత్రి ఎనిమిదిన్నర. ఆ రెండు గంటలూ మా వీధిలో ఏ ఇంట్లో విన్నా సీరియల్ పాటే. పటం పీకేశాను. గోడకి టేపు మరక మాత్రం ఇప్పటికీ ఉంది.

వాడే నా ఖాతాని బిజినెస్ ఖాతాగా మార్చి, ఇన్‌సైట్స్ ఎలా చూడాలో నేర్పాడు. అందులో ఫాలోవర్లు ఏ రోజు, ఏ టైములో ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఉంటారో మూడేసి గంటలకి ఒక కమ్మీ చొప్పున కనిపిస్తుంది. నా పేజీలో ఏ రోజు చూసినా రాత్రి తొమ్మిది దగ్గర కమ్మీ అన్నిటికన్నా పొడవు. పరాయి పటం కాదు, నా జనం లెక్కే కదా అని మూడు వారాలు రాత్రి తొమ్మిదికి పెట్టాను. లైకులు రెట్టింపయ్యాయి. డబ్బులు మాత్రం రాలేదు.

ఎందుకో అర్థం కావడానికి టైము పట్టింది. తొమ్మిదింటికి ఫోను పట్టుకున్న ఆడమనిషి రోజంతా అలిసిపోయి మంచం మీద వాలి ఉంటుంది. బొటనవేలు దానంతటదే పైకి జరుగుతుంటుంది, నచ్చినదానికి ఒక గుండె బొమ్మ నొక్కి ముందుకి పోతుంది. నిజంగా కావాల్సినావిడ "ధర ఎంతండీ" అని అడిగేసరికి పదిన్నర. నేనప్పటికే నిద్రలో ఉంటాను, మేం లేచేది ఐదింటికి. పొద్దున జవాబిస్తే అప్పుడు ఆవిడకి తీరిక ఉండదు. సాయంత్రానికి ఆ చీర మీద మోజే పోతుంది. చీర మీద మనసు పెనం మీద అట్టు లాంటిది, వేడి మీదే తిప్పాలి.

ఆ మూడు వారాల్లో చేసిన ఒక్క మంచి పని, ధర పోస్టులోనే రాయడం. "ధరకి మెసేజ్ చేయండి" అని రాసేవాళ్ళని చూస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. కొన్నాళ్ళు నేనూ అలా రాసినదాన్నే.

జూలైలో ఒక పొడుగు నోటుపుస్తకం కొన్నాను. రోజు, టైము, ఏ చీర, ఎంతమంది అడిగారు, ఎంతమంది డబ్బులు వేశారు. ఐదు గళ్ళు. లైకులకి కావాలనే గడి పెట్టలేదు. మంగళ, బుధ, గురువారాలు మాత్రమే ఎంచుకున్నాను. శని, ఆదివారాల్లో విజయవాడ, గుంటూరు జనం కొట్టుకే వచ్చేస్తారు, నాకు ఫోను చూసే తీరికే ఉండదు. ఆ మూడు రోజులకీ మూడు టైములు: పొద్దున పదకొండు దాటాక, మధ్యాహ్నం మూడు, రాత్రి ఎనిమిది.

మొదటి రెండు వారాల లెక్క చెత్తబుట్టకే. టైముతో పాటు చీర కూడా మార్చేశాను మరి. ఆవపసుపు ఒంటికి ఆకుపచ్చ అంచున్న చీర అర్ధరాత్రి పెట్టినా పోతుంది. బూడిదరంగు చీర ముహూర్తం చూసి పెట్టినా ఉండిపోతుంది. ఏది చీర గుణమో ఏది టైము గుణమో తేలితేనా? మూడో వారం నుంచి ఒకే రకం సాదా చీర, ఒకే ధర, రంగులు మాత్రం దగ్గరదగ్గరవి పెట్టాను. అప్పటి నుంచి పుస్తకంలో ఏదో కనపడటం మొదలైంది.

మంగళవారం అడిగేవాళ్ళు చాలామంది, వేసేవాళ్ళు తక్కువ. "నాకు పక్కన పెట్టండి, రేపు వేస్తా" అని వరసగా అందరిదీ ఇదే మాట. పుస్తకం చూపిస్తే మా అత్తయ్య తేల్చేసింది: "మంగళవారం పూట లక్ష్మిని ఎవరు బయటికి పంపుతారే? శుక్రవారం అయినా అంతేగా!" నా బుర్రకి తట్టలేదు గానీ, మా ఇంట్లోనూ మంగళ, శుక్రవారాల్లో పాలవాడికి కూడా డబ్బులివ్వరు. జీపేలో పంపినా డబ్బు డబ్బే కదా. మా కొనేవాళ్ళలో యాభై దాటినవాళ్ళు చాలామంది, వాళ్ళు ఆ పట్టింపు వదులుకోరు. పక్కన పెట్టమన్న చీరల్లో మూడోవంతు బుధవారం అడిగితే "ఈసారికి వద్దులెండి" అయ్యేవి.

గురువారం అడిగినవాళ్ళు వేసేవాళ్ళే, కానీ సాయంత్రానికి డబ్బు పడితే శుక్రవారం పార్శిల్ కట్టాలి, మధ్యలో ఆదివారం వచ్చి పడుతుంది. "ఆదివారం ఫంక్షన్ ఉంది, అందుతుందా?" అనే ప్రశ్నకి నా దగ్గర జవాబుండదు. బుధవారం డబ్బు పడితే గురువారం పొద్దున పెట్టె బయల్దేరుతుంది, హైదరాబాద్ అయితే మామూలుగా శనివారానికి చేరుతుంది. బుధవారానికి ఉన్న మహత్యంలో సగం ఈ పార్శిల్‌దే అని నాకనిపిస్తుంది. ఫోను లోపలి లెక్కలు ఎవరికి తెలుసు!

అలాగని ప్రతి బుధవారమూ బుధవారం కాదు. ఆ ఏడు ఆగస్టు 7 బుధవారమే పడింది, జాతీయ చేనేత దినోత్సవం. మనదే పండగ కదా అని ఎర్రంచు పట్టుచీర దాచి దాచి ఆ రోజు పదకొండింటికి పెట్టాను. దేశంలో చేనేత అన్న మాట పలికే ప్రతివాళ్ళూ ఆ రోజే పెట్టారు. నా చీరని నా సొంత చెల్లెలే సాయంత్రం దాకా చూడలేదు. తర్వాతి వారం శ్రావణ శుక్రవారం, 16న వరలక్ష్మీ వ్రతం. ఆ పది రోజులూ టైమూ లేదు గీమూ లేదు, తెల్లవారుజామున నాలుగింటికి కూడా "ఎరుపులో ఉందా" అని మెసేజీలు. ఆ రెండు వారాల పేజీల మీద అడ్డంగా గీత కొట్టేశాను. పండగ లెక్క మామూలు రోజులకి పనికిరాదు.

ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి. ఆగస్టు చివర్లో మా అక్క కొడుకు ముందుగానే టైము పెట్టి వదిలేసే పద్ధతి నేర్పాడు. ఫొటో, రాత, రోజు, గంట ఇచ్చేస్తే అదే పోతుంది. వినాయక చవితి సెప్టెంబరు 7న కాబట్టి, 4వ తేదీ బుధవారం పదకొండుంపావుకి అని పెట్టేశాను. "చవితికి కొత్త చీర కట్టారా?" అని రాత. ఒకటో తేదీన బుడమేరు పొంగింది. విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కలంతా నీళ్ళు. మా ఊళ్ళోనూ ఎడతెగని వానలు, మేం మగ్గం గుంటల్లోకి ఊరిన నీళ్ళు తోడుకునే పనిలో ఉన్నాం. పోస్టు సంగతే మర్చిపోయాను.

బుధవారం దాని టైముకి అది ఠంచనుగా వెళ్ళిపోయింది. పదకొండున్నరకి ఒకావిడ, ఎప్పుడూ నా దగ్గరే కొనే టీచరుగారు, కింద రాశారు: "మేం మేడ మీద ఉన్నామండీ. కింద చీరలన్నీ నీళ్ళలో ఉన్నాయి." అంతే. తిట్టినా బాగుండేది. చేతులు వణికి పోస్టు తీసేయడానికి రెండుసార్లు తప్పు చోట నొక్కాను. ఆ నెల మూడోవారం దాకా ఏమీ పెట్టలేదు. నీళ్ళు తీశాక ఆవిడకి ఒక చీర పంపాను. డబ్బులు తీసుకోలేదని ఆవిడ కోప్పడ్డారు.

అక్టోబరు నాటికి పుస్తకం ఒక మాట గట్టిగానే చెప్పింది. బుధవారం పొద్దున పదకొండుంపావు. మూడింటికి పెట్టినవీ ఫరవాలేదు గానీ, పదకొండుంపావుతో పోల్చితే అడిగినవాళ్ళలో డబ్బులు వేసినవాళ్ళు తక్కువే. ఆ టైముకి ఇళ్ళల్లో పొద్దుటి వంట అయిపోయి, మధ్యాహ్నం అన్నాలకి ఇంకా టైముంటుంది. ఉద్యోగాలవాళ్ళకి టీ అయి, భోజనానికి ముందు ఆవులింతలొచ్చే వేళ. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వేళకి మా కొట్టులో జనం ఉండరు, నేను కుర్చీలో కూర్చుని ఫోను చేత్తో పట్టుకునే ఉంటాను. ఇన్‌సైట్స్‌లో ఆ టైముకి కమ్మీ పొట్టిదే. అయినా రెండు నిమిషాల్లో జవాబొస్తే "సరే పంపండి" అంటారు. నా ఫాలోవర్లు ఎప్పుడుంటారో చూసినన్నాళ్ళూ, నేనెప్పుడుంటానో చూసుకోలేదు. పన్నెండు దాటితే బుధవారం రాహుకాలం, ఒకటిన్నర దాకా. ఆ పట్టింపు మా అత్తయ్యది. కొనేవాళ్ళెవరూ ఆ మాట ఎత్తలేదు గానీ, ఇంట్లో గొడవెందుకని పదకొండుంపావు దాటనివ్వను.

ఇంకో సంగతి కూడా మధ్యలోనే తెలిసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు పెట్టిన వరసలో కనపడవు. 2016లోనే ఆ పద్ధతి మార్చారట. నేను బుధవారం పెట్టిన రీలు శనివారం ఎవరికో కొత్తగా కనిపిస్తుంది. రీలుకి టైము కోసం అంత కిందామీదా పడక్కర్లేదు. టైము తగులుకునేది స్టోరీకి, వాట్సాప్ స్టేటస్‌కి. రెండూ ఇరవైనాలుగు గంటలకి మాయం. నా డబ్బు సగానికి పైగా స్టేటస్ చూసి వచ్చేదే. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే, అదీ నా నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అందుకే ప్రతి పార్శిల్‌లోనూ "నంబరు సేవ్ చేసుకోండి" అని చీటీ పెడతాను.

అమెరికావాళ్ళది వేరే లెక్క. న్యూజెర్సీ, డాలస్‌ల నుంచి పదిహేను మందిదాకా ఉన్నారు. వాళ్ళకి విడిగా లిస్టు చేసి గురువారం పొద్దున ఆరింటికి పంపేదాన్ని. న్యూజెర్సీలో అప్పుడు బుధవారం రాత్రి ఎనిమిదిన్నర, పిల్లలు పడుకునే వేళ. నవంబరులో ఉన్నట్టుండి జవాబులు ఆగిపోయాయి. అలిగారేమో అనుకున్నాను. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారని ఒకమ్మాయి చెప్పింది. "ఆంటీ, మీ మెసేజ్ ఇప్పుడు మేం అన్నాలు పెట్టేటప్పుడు వస్తోంది." అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఏడింటికి, ఆ తర్వాత మళ్ళీ ఆరింటికి. క్యాలెండర్లో ఆ రెండు ఆదివారాలకీ పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాను.

ముందే టైము పెట్టి వదలడం మానలేదు. కానీ మంగళవారం రాత్రి పడుకోబోయే ముందు వరసలో ఏమేం ఉన్నాయో తెరిచి చూడకుండా దీపం ఆర్పను. వార్తలు ఒకసారి, కొట్టు ఒకసారి. కొట్టెందుకంటే, ఓసారి మా ఆయన సాయంత్రం అమ్మేసిన ఒక్కటే ఉన్న చీర బుధవారం పొద్దున పోస్టులో వెళ్ళి, ముగ్గురు డబ్బులు వేసేశారు. ముగ్గురికీ తిరిగి పంపి, ముగ్గురికీ ఫోన్లు చేసి బతిమాలుకునేసరికి సాయంత్రమైంది.

నిన్న మంగళవారం కూడా అలాగే చూస్తున్నా. వంగపండు రంగు చీర, మామిడిపిందెల చెంగు, రేపటికి సిద్ధం. ముందుగదిలోకి కేకేశాను.

"ఏమండీ, ఆ వంగపండు చీర ఉందా?"

"సాయంత్రం గుంటూరువాళ్ళు పట్టుకెళ్ళారే. నీకు చెప్పలేదూ?"

పోస్టు తీసేసి, పొద్దున మేడ మీద తీయడానికి నెమలికంఠం చీర మడత విప్పి కుర్చీ మీద వేశాను.