36 గళ్ళ ఊరు

సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు గొలుసు లాగాను. దేవరకొండ, మునుగోడు దిక్కు నేను తొక్కని గట్టు తక్కువ. అక్కడ ఏ సర్వే నంబరూ నలుచదరంగా ఉండదు. వాగు ఎటు తిరిగితే హద్దు అటే పోతుంది. పోయిన మార్చిలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మా అల్లుడి దగ్గరికి పోయాను. తన ఇంటికి గంట దూరంలోని, టౌన్‌షిప్ అనే ఒక పల్లె ప్రాంతపు మ్యాపు ఆయన ఫోన్లో చూపిస్తే, గళ్ళ లుంగీ ఫోటో అనుకున్నాను.

1785లో వాళ్ళు చేసిన చట్టంతో మొదలైన పద్ధతట. పొడవు 6 మైళ్ళు, వెడల్పు 6 మైళ్ళు, లోపల 36 గళ్ళు, వాటినే సెక్షన్లంటారు. ఒక్కో సెక్షను 640 ఎకరాలు. ఈశాన్య మూల 1 మొదలై పడమరకు 6 దాకా పోతుంది. 6 కింద 7, అక్కణ్ణుంచి మళ్ళీ తూర్పుకు. ఎడ్లు గట్టు దగ్గర మలుపుకున్నట్టే! మిన్నెసోటాలో 16, 36 నంబర్ల భూములు బడుల కోసం పక్కన పెట్టారు.

కొలిచింది 66 అడుగుల గొలుసుతో. మన గుంట 33 అడుగులకు 33. అంటే వాళ్ళ గొలుసులో సగం. ఆ ఊరి మట్టిరోడ్డు వెడల్పు కూడా చట్టం ప్రకారం కనీసం 66 అడుగులే. మంచులో కారు ఆపించి, దిగి అడుగులు వేశాను. మా అల్లుడు తల పట్టుకున్నాడు.

భూమి గుండ్రం కదా, ఉత్తరానికి పోయేకొద్దీ నిలువు గీతలు దగ్గరపడతాయి. ఆ తరుగునంతా ఉత్తరం, పడమర వరుసల మీదకు తోస్తారు. పాపం 6వ సెక్షను రెండు వైపులా మోస్తుంది, అందుకే చాలాచోట్ల దానికి 640 నిండదు. ఈ ముచ్చట చెబితే ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

తిరిగొచ్చాక హోటల్ దగ్గర చింతపుల్లతో నేల మీద గళ్ళు గీసి చెప్తుంటే, మాజీ వార్డు మెంబరు యాదగిరి అడిగాడు: "మరి సర్పంచెవలు సారూ?"

సర్పంచ్ లేడు. ముగ్గురు సూపర్‌వైజర్లు, ఒక క్లర్కు, ఒక ట్రెజరర్. ముగ్గురిలో ఒకరు సభకు పెద్ద. కంకర రోడ్లు, కల్వర్టులు, మంచు ఎత్తడం వీళ్ళ పని. పోలీసు కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరిఫ్ కింద, బడి వేరే బోర్డు కింద. భూమి రికార్డులూ కౌంటీవే. కొలిచిన గడి, పాలించే ఊరు అన్నిచోట్లా ఒకటే కాదు కూడా. మన రెవెన్యూ గ్రామం, గ్రామపంచాయతీ లాగే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి, సర్వే నంబర్లు మాత్రం పాత ఊరివే.

మార్చి రెండో మంగళవారం వాళ్ళ వార్షిక సభ. అల్లుడు తీసుకుపోతే వెనక కుర్చీలో కూర్చున్నాను. నాతో కలిపి పద్దెనిమిది మంది. ఒక కల్వర్టు గురించి నలభై నిమిషాలు వాదించుకున్నారు. ఆ ఏడు ఎంత పన్ను వేసుకోవాలో వచ్చిన ఓటర్లే చేతులెత్తి తేల్చారు. తమ మీద తామే పన్ను! మన చట్టమూ రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది. కానీ సభ అయిపోయాక సంతకాల కోసం రిజిస్టరు ఇంటింటికీ తిరగడం నేను కళ్ళారా చూశాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. ఆ ముగ్గురు సూపర్‌వైజర్లే ఫెన్స్ వ్యూయర్లు కూడా. పక్క పక్క రైతులకు కంచె దగ్గర తగాదా వస్తే, వాళ్ళే పోయి చూసి, ఎవరు ఎంత కంచె వేయాలో, ఎవరు బాగుచేయాలో రాసిస్తారు. నేను గట్టు పంచాయితీలకు పోయినప్పుడు, కొలిచినంతసేపూ రెండు పార్టీలూ ఊకొట్టేవి. రాయి పాతి నేను బస్సెక్కగానే రాత్రికి రాత్రి పీకేసేవాళ్ళు.

యాదగిరి టీ గ్లాసు కింద పెట్టి గళ్ళ వైపు చూశాడు. తమ్ముడితో అర గుంట గట్టు గొడవ ఆయనకు ఆరేళ్ళుగా నడుస్తోంది.

"గా ముగ్గురిని ఎన్నుకునేది గా ఊరోళ్ళే గదా?" అన్నాడు.

"అవును."

"మరి ఇద్దరిట్ల ఒకడు వాళ్ళకు సుట్టమైతే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో టీ చెప్పాను.