సెట్ ప్రిపరేషన్: కొప్ గారితో పట్టుబడిన స్విట్జర్లాండ్ చాప్టర్

7, 26, 46, 200, 50,000, 1,00,000. ఈ అంకెలు రాసిన కాగితం నా గదిలో స్విచ్‌బోర్డు పక్కన ఏడాది పాటు అంటించి ఉంది. లైటు వేసినప్పుడల్లా చూసేదాన్ని. అయినా పొలిటికల్ సైన్స్‌లో సెట్ (డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులకు అర్హత పరీక్ష) మొదటిసారి రాసినప్పుడు స్విట్జర్లాండ్ ప్రశ్న కనబడగానే ఏ అంకె దేనిదో అంతా కలగాపులగం అయిపోయింది. పైగా నేను చదివింది కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత గైడు. అందులో ఎగువ సభ సభ్యులు 44 అని ఉంది. ఆప్షన్లలో 44, 46 రెండూ ఉన్నాయి. నేను ఏది పెట్టానో చెప్పక్కర్లేదు కదా.

మూడోసారికి క్వాలిఫై అయ్యాను. టైమ్‌టేబుల్, రివిజన్, మాక్ టెస్టుల గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్పాలి, అది వదిలేస్తున్నాను. జూనియర్లు చాలామంది 'స్విట్జర్లాండ్ స్కిప్ చేస్తున్నాం అక్కా' అంటున్నారు. ఆ ఒక్క చాప్టర్ నాకు ఎలా పట్టుబడిందో రాస్తాను.

రెండో ప్రయత్నం కూడా పోయాక చిక్కడపల్లి లైబ్రరీలో బిట్లు తిరగేస్తుంటే ఒకటి కనబడింది. స్విస్ ఫెడరల్ కౌన్సిల్‌లో, అంటే అక్కడి మంత్రివర్గంలో, మొదటి మహిళ ఎవరు? ఎలిజబెత్ కొప్, 1984. పేరు చూడగానే మా నాయనమ్మ కొప్పు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ సరదాకే ఆవిడ ఎవరా అని వెతికాను. రెండు రోజులు ఆవిడతోనే సరిపోయింది.

ఆవిడ 1936లో జ్యూరిక్‌లో పుట్టారు. 1960లో ఫస్టు ర్యాంకు స్థాయి మార్కులతో లా పూర్తి చేశారు. కానీ దేశ ఎన్నికల్లో ఓటు లేదు, ఎందుకంటే ఆడవాళ్లెవరికీ లేదు. 1959 ఫిబ్రవరి 1న 'ఆడవాళ్లకు ఓటు ఇద్దామా' అని అడిగితే మూడింట రెండొంతుల మంది మగవాళ్లు వద్దన్నారు. 1971 ఫిబ్రవరి 7న ఒప్పుకున్నారు. అప్పటికి కొప్ గారికి 34 ఏళ్లు. మన దగ్గర 1951-52 మొదటి ఎన్నికల్లోనే ఆడవాళ్లు ఓటేశారు.

ఇంత ఆలస్యం ఎందుకైందో అర్థమైతే ఒక టాపిక్ అయిపోయినట్టే. ఆడవాళ్లకు ఓటు రావాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి, అక్కడ దానికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. దేశం మొత్తం మీద పోలైన ఓట్లలో మెజారిటీ రావాలి, కాంటన్లలోనూ (మన రాష్ట్రాల లాంటివి) మెజారిటీ రావాలి. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా అని తేల్చేది ఓటున్న మగవాళ్లే. ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అంటే అభ్యుదయం అని రాసేసే వాళ్లు (నేనూ రాశాను) ఈ సంగతి ఒకసారి చూడాలి.

1974లో ఆవిడ జ్యూరిక్ పక్కనున్న జుమికోన్ అనే ఊరికి అధ్యక్షురాలయ్యారు. 1979లో నేషనల్ కౌన్సిల్‌కి, అంటే 200 మంది ఉండే దిగువ సభకి ఎన్నికయ్యారు. ఇక్కడే నా పాత గైడు గుట్టు బయటపడింది. అదే 1979 జనవరి 1న జ్యురా కొత్త కాంటన్‌గా వచ్చింది. పూర్తి కాంటన్‌కి రెండు సీట్లు కాబట్టి కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్‌లో, అంటే ఎగువ సభలో, 44 కాస్తా 46 అయింది. కాంటన్లు ఇప్పుడు 26. వాటిలో ఆరు అర్ధ కాంటన్లు, వాటికి ఒక్కో సీటే. 20 రెళ్లు 40, దానికి 6 కలిపితే 46. కొప్ గారు పార్లమెంటులోకి వచ్చిన ఏడాదే ఆ రెండు సీట్లూ వచ్చాయని గుర్తు పెట్టుకున్నాక ఆ అంకె మళ్లీ తప్పలేదు.

1984లో రుడాల్ఫ్ ఫ్రీడ్రిచ్ అనే ఫెడరల్ కౌన్సిలర్ ఆరోగ్యం బాగోక తప్పుకున్నారు. అక్టోబరు 2న రెండు సభలూ ఒకచోట కూర్చుని, అంటే 246 మంది, రహస్య ఓటింగుతో ఆయన స్థానంలో కొప్ గారిని ఎన్నుకున్నాయి. ఎన్నిక కాగానే ఎంపీ సీటు వదులుకోవాలి. మన రాజ్యాంగం 75(5) ప్రకారం సభలో లేని మంత్రి ఆరు నెలల్లో సభ్యత్వం తెచ్చుకోవాలి, అక్కడ మంత్రయితే సభ్యత్వమే పోతుంది. ఈ రెండూ పక్కపక్కన రాసుకోండి.

ఆవిడకు న్యాయ, పోలీసు శాఖ ఇచ్చారు. పాత వివాహ చట్టంలో ఇంటికి పెద్ద భర్తే. దాన్ని మార్చి పార్లమెంటు కొత్త చట్టం చేస్తే, క్రిస్టొఫ్ బ్లోకర్ లాంటి నాయకులు దాన్ని ప్రజల ఓటుకు లాగారు. 1985 సెప్టెంబరు 22న 54.7 శాతం మంది కొత్త చట్టానికే ఓటేశారు. దీనికి కాంటన్ల మెజారిటీ అక్కర్లేదు, ప్రజల మెజారిటీ చాలు. ఇది మామూలు చట్టం, ఐచ్ఛిక రెఫరెండం, అంటే ఎవరైనా సంతకాలు సేకరిస్తేనే జరిగే ఓటింగు. ఇప్పుడైతే 100 రోజుల్లో 50,000 సంతకాలు కావాలి. లక్ష సంతకాలు, 18 నెలలు అనేది ఇనిషియేటివ్‌కి, అంటే ప్రజలే రాజ్యాంగ సవరణ ప్రతిపాదించడానికి. 1971 ఓటు ఒక రకం, 1985 ఓటు ఇంకో రకం. రెండింటినీ ఆవిడ జీవితంలోనే పెట్టుకుంటే కన్‌ఫ్యూజన్ ఉండదు.

ఆవిడ మంత్రిగా ఉన్నన్నాళ్లూ అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్‌లో స్థానిక విషయాల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. 1990లో ఫెడరల్ కోర్టు చెబితే గానీ ఇవ్వలేదు. ఫెడరలిజం మీద వ్యాసానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక అసలు మలుపు. 1988 అక్టోబరు 27న ఆవిడ ఆఫీసు నుంచి భర్తకు ఫోన్ చేశారు. ఆయన డైరెక్టరుగా ఉన్న ఒక కంపెనీ మీద మనీ లాండరింగ్ అనుమానాలు వస్తున్నాయి, తప్పుకోమని చెప్పారు. ఆయన తప్పుకున్నారు. డిసెంబరు మొదట్లో పార్లమెంటు ఆవిడను మరుసటి ఏడాదికి ఉపాధ్యక్షురాలిగా కూడా ఎన్నుకుంది. ఉపాధ్యక్షులు మరుసటి ఏడాది అధ్యక్షులయ్యే ఆనవాయితీ ప్రకారం 1990లో అధ్యక్షురాలు కావాలి. ఇంతలో ఫోన్ సంగతి పత్రికల్లో వచ్చింది. డిసెంబరు 12న రాజీనామా ప్రకటించి, 1989 జనవరిలో పదవి వదిలేశారు.

ఇదంతా చదివి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, పార్లమెంటే ఎందుకు తీసేయలేదు? తీసేయలేదు, ఎందుకంటే ఆ వీల్లేదు. ఫెడరల్ కౌన్సిల్ మీద అవిశ్వాస తీర్మానం ఉండదు, నాలుగేళ్లు కదల్చలేరు. కౌన్సిల్ కూడా సభను రద్దు చేయలేదు. అందుకే అది పార్లమెంటరీ కాదు, అధ్యక్ష తరహా కూడా కాదు, ఏడుగురి బహుళ కార్యనిర్వాహక వర్గం. కోచింగ్‌లో ఒక సారు 'స్విస్‌లో రీకాల్ ఉంది' (ఎన్నికైన వాళ్లను ప్రజలే మధ్యలో ఓటేసి దించడం) అని ఒక్క ముక్కలో చెప్పేశారు. కొన్ని కాంటన్లలో ఉంది గానీ ఫెడరల్ స్థాయిలో లేదు.

1990లో కోర్టు ఆవిడను నిర్దోషి అంది. కానీ ఆ వ్యవహారం మీద వేసిన పార్లమెంటరీ కమిటీ తవ్వుకుంటూ పోతే, పోలీసులు జనం మీద రహస్యంగా పెట్టిన దాదాపు 9 లక్షల ఫైళ్లు బయటపడ్డాయి. ఒక ఫోన్ కాల్ ఎక్కడికి పోయిందో చూడండి. మొదటి మహిళా అధ్యక్షురాలి స్థానం చివరికి 1999లో రూత్ డ్రైఫస్‌కి దక్కింది.

నోట్సు ఎలా రాశానంటే, ఒక పొడుగు కాగితం మీద ఎడమ పక్క ఆవిడ సంవత్సరాలు, కుడి పక్క ఆ ఏడాది ఏ రూలు పని చేసిందో. మొత్తం ఒకటిన్నర పేజీ. స్విచ్‌బోర్డు పక్కన కాగితం పీకేశాను, గమ్ మరక మాత్రం పోలేదు, ఓనర్ ఆంటీ ఇప్పటికీ అడుగుతుంటారు.

ఇప్పుడు జేఎల్ (జూనియర్ లెక్చరర్) పరీక్షకి చదువుతున్నాను. ఫ్రాన్స్‌కి 1986 నాటి మిత్తెరాన్, షిరాక్ జంటను పట్టుకున్నాను, అధ్యక్షుడిది ఒక పార్టీ, ప్రధానిది ఇంకో పార్టీ. చైనాకి మాత్రం ఇంకా ఎవరూ కుదరలేదు, మీకు ఎవరైనా తడితే చెప్పండి.