రెండు చేతులూ ఎత్తితే సాయం అడిగినట్టంట!

మొన్న స్విట్జర్లాండ్‌లో మా ఆఫీస్ టీమ్ అంతా కలిసి ఎబెనాల్ప్ అనే కొండ ఎక్కి, అక్కణ్ణుంచి జేఆల్ప్‌జే సరస్సు వైపు దిగుతున్నాం. కొండ మలుపులోంచి ఎర్ర హెలికాప్టర్ ఒకటి బాగా కిందగా వచ్చింది, పైలట్ హెల్మెట్ కనిపించేంత దగ్గరగా. నేను ఊరుకుంటానా, రెండు చేతులూ పైకెత్తి ఊపా. పక్కనే నడుస్తున్న మా సీనియర్ ఆవిడ టక్కున నా మోచెయ్యి పట్టుకుని కిందకి లాగేసింది. "నీకేమైనా అయ్యిందా? ఏమీ కాకపోతే చేతులు దించు" అంది, అందరి ముందూ, చిన్నపిల్లాణ్ణి కసిరినట్టు.

సంగతేంటంటే ఇక్కడి కొండల్లో హెలికాప్టర్ కనిపించినప్పుడు రెండు చేతులూ పైకెత్తి నిలబడితే "అవును, సాయం కావాలి" అని. అక్కర్లేదంటే ఒక చెయ్యి పైకి, ఇంకోటి కిందకి చాపాలి. ఇది ఇక్కడ కొండలెక్కే ఇళ్ళల్లో పిల్లలకి కూడా తెలుసట.

నా కోపం తగ్గడానికి సరస్సు దాకా పట్టింది. హెలికాప్టర్ చప్పుడు వినపడితే కంచం వదిలేసి డాబా ఎక్కి చేతులూపిన వాళ్ళం కదా మనం. మనకి హెలికాప్టర్ వచ్చిందంటే సీఎం గారైనా వస్తుండాలి, వరదలైనా వచ్చుండాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు డాబాల మీద జనం చేతులెత్తి చూస్తుంటే హెలికాప్టర్లు ఫుడ్ ప్యాకెట్లు వదల్లేదూ? చేతులెత్తడం మాకూ తెలుసమ్మా, ఎవరూ నేర్పకుండానే తెలుసు అని ఆవిడకి చెప్దామనుకున్నా గానీ జర్మన్‌లో అంత పొడుగు వాక్యం నోటికి రాలేదు.

కింద కాఫీ దగ్గర ఆవిడే మెత్తబడి చెప్పుకొచ్చింది. ఆ హెలికాప్టర్ రేగా వాళ్ళది, అంటే ఆపదలో ఉన్నవాళ్ళని హెలికాప్టర్లో కాపాడే ఇక్కడి సంస్థ. 1952లో మొదలెట్టారు. గవర్నమెంట్ నుంచి సబ్సిడీ లేదు, లాభం కోసం నడిపేదీ కాదు. 1414కి ఫోన్ చెయ్యొచ్చు, లేదా వాళ్ళ యాప్‌లో అలారం నొక్కితే మనమెక్కడున్నామో లొకేషన్ వాళ్ళకెళ్ళిపోతుంది, పగలైతే 5 నిమిషాల్లో గాల్లో ఉంటారు. పైలట్, పారామెడిక్, ఎమర్జెన్సీ డాక్టర్, ముగ్గురూ వస్తారు. దిగే చోటు లేకపోతే వించ్ తాడుతో డాక్టర్‌నే కిందకి దింపుతారు.

మరి డబ్బులెక్కణ్ణుంచి అంటే, సగానికి పైగా జనం దగ్గర్నుంచే. 1960ల మధ్యలో చేతిలో పైసా లేక మూతపడే పరిస్థితి వస్తే జనాన్నే అడిగారంట, అలా మొదలైంది ఏటా డబ్బు కట్టే ఈ సభ్యత్వం. ఇప్పుడు 90 లక్షల జనాభాలో 36 లక్షల మందికి పైగా సభ్యులు. ఒక మనిషికి ఏడాదికి 40 ఫ్రాంకులు, జ్యూరిక్‌లో ఇద్దరు పిజ్జా తింటే అయిపోయే డబ్బు.

నాకు మింగుడు పడనిది ఇక్కడే. ఆ 40 ఫ్రాంకులు ఇన్సూరెన్స్ కాదంట, విరాళమంట! రెస్క్యూ బిల్లు వేలల్లో వస్తుంది, ఇన్సూరెన్స్ ఇవ్వనంటే సభ్యులకి రేగా వాళ్ళు మాఫీ "చెయ్యొచ్చు". చేస్తారు అని కాదు, చెయ్యొచ్చు. గ్యారంటీ లేకుండా ఎలా కడతారండీ అని ఆవిణ్ణి తిప్పి తిప్పి అడిగా. పైగా సభ్యుడైనా కాకపోయినా హెలికాప్టర్ ముందు వస్తుంది, లెక్కలు తర్వాత. అలాంటప్పుడు కట్టకపోయినా వస్తుందిగా అంటే నా మొహం వింతగా చూసి "కడతాం గనకే వస్తుంది" అంది.

ఆవిడది టోగెన్‌బుర్గ్ వైపు రైతు కుటుంబం. చిన్నప్పుడు వాళ్ళ ఆవు లోయలో జారి కాలు విరిగితే హెలికాప్టర్ వచ్చి, వలలో వేసి, కింద వేలాడదీసుకుని తీసుకెళ్ళిందంట, నాలుగు కాళ్ళూ ఆడకుండా ఆవు గాల్లో నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంటే తమ్ముడు ఏడ్చాడంట. రైతు కుటుంబాల సభ్యత్వంలో పశువులు కూడా ఉంటాయి మరి. గోవుని ఇంత పూజించే మనకి ఈ ఐడియా రాలేదే అని లోపల గుచ్చుకుంది, పైకి మాత్రం నవ్వేశా.

మనకేం తక్కువ, 2005 ఆగస్టు 15 నుంచి 108 ఉంది, సభ్యత్వం లేదు, బిల్లు లేదు, పూర్తిగా ఫ్రీ. ఆ మాట ఆవిడకి కాస్త గట్టిగానే చెప్పా. చెప్పాక నాకే అనిపించింది, అది గవర్నమెంట్‌ది, లేటైతే తిడతాం, వస్తే దణ్ణం పెడతాం, అంతే గానీ మా 108 అని ఎప్పుడూ అనుకోలా. ఆవిడ మాత్రం మాటకి ముందు "మా రేగా" అంటుంది. మనం ఇవ్వమా అంటే ఇస్తాం, గుళ్ళో ఫ్యాన్ ఇస్తే రెక్క మీద నాన్న పేరు, ఊరు పేరు రాయిస్తాం. ఇక్కడ 36 లక్షల మంది ఇచ్చారు, ఆ ఎర్ర హెలికాప్టర్ పక్కన ఒక్కరి పేరూ లేదు, మహా అయితే 1414 అని ఒక పత్రిక ఇంటికొస్తుంది. అదేంటో అది నాకు ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు.

సరే, ఇక్కడున్న మన వాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటి. వారానికి కనీసం 8 గంటలు ఉద్యోగం చేసేవాళ్ళకి యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారానే ఉంటుంది, ఆదివారం కొండెక్కి కాలు విరిగినా వర్తిస్తుంది. ఉద్యోగం లేని భార్యకో భర్తకో అలా కాదు, బేసిక్ హెల్త్ ఇన్సూరెన్స్ రెస్క్యూ ఖర్చులో సగమే ఇస్తుంది, అదీ ఏడాదికి 5000 ఫ్రాంకుల దాకే. అందుకని నేను ఫ్యామిలీ సభ్యత్వం కట్టేశా, గ్యారంటీ గురించి గొణుక్కుంటూనే. ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడైతే వాళ్ళ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో రెస్క్యూ ఉందో లేదో ముందే చూసుకోండి. వాళ్ళొస్తే జెర్మాట్ తప్పదు కదా, అది వాలే కాంటన్ (ఇక్కడ కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది), అక్కడ 1414 కాదు, అంబులెన్స్ నంబర్ 144కి చెయ్యాలి, ఎయిర్ జెర్మాట్ లాంటి వేరే సర్వీసులు వస్తాయి, వాళ్ళ సభ్యత్వ కార్డు కూడా వేరే.