నువ్వు తిప్పావు, చక్రం తిరిగింది: పసిపిల్లలతో బొమ్మ బండ్ల పెయింటింగ్

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లల చేతికి కుంచె కంటే బొమ్మ కారే బాగా లొంగుతుంది. కుంచెను వేళ్ల మధ్య నిలపాలి, ఎంత ఒత్తాలో తెలియాలి. కారుకు ఆ బాధ లేదు. చక్రాలకు రంగు అద్ది, గుప్పిట్లో పట్టి తోస్తే కాగితం మీద గీత పడుతుంది. చివరికి ఏ బొమ్మ వచ్చిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తోయడం, లాగడం, రంగు అంటడం, గీత పడడం, ఇవే ఆట. ప్రాసెస్ ఆర్ట్ అంటే అంతే. తెలుగు ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినపడని చోట పెరుగుతున్న పిల్లలకు ఇందులో ఇంకో పెద్ద లాభం ఉంది. బొమ్మ గీస్తే పేర్లు చెప్పుకుంటాం: ఇల్లు, చెట్టు, పువ్వు. బండి తోస్తే క్రియలు చెప్పుకుంటాం. ప్రవాసంలో జారిపోకుండా చూసుకోవాల్సినవి ఆ క్రియలు కూడా.

ముందు బండ్ల సంగతి. నాలుగైదు చాలు, కానీ చక్రాలు ఒకేలా ఉండకూడదు. నున్నటి ప్లాస్టిక్ చక్రాలు సన్నటి జంట గీతలు వేస్తాయి. లోతుగా గాట్లున్న పెద్ద రబ్బరు టైర్లు మెలికల అచ్చు వేస్తాయి. బుల్డోజర్ పట్టీ నిచ్చెన మెట్లలా అడ్డగీతలు పెడుతుంది. కొనే ముందు చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగని చక్రం రంగును అచ్చు వేయదు, ఈడ్చి పులుముతుంది. బటన్ బ్యాటరీలున్న బండ్లు వద్దే వద్దు. తడిసి పాడవడం అటుంచితే, ఆ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. లాగితే ఊడొచ్చే చక్రాలున్న చిన్న కార్లు కూడా మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరావు.

రంగు విషయానికొస్తే, నీళ్లతో కడిగితే పోయే టెంపెరా అనే రకం పెయింట్ మంచిది. ఆక్రిలిక్ ఆరిందంటే బట్టల మీంచి పోదు. చిక్కదనం ఇలా చూసుకోండి: చెంచాతో ఎత్తి వంచితే తీగలా జారాలి, నీళ్లలా కారకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది పళ్లెం దగ్గర. పళ్లెం నిండా రంగు పోస్తే చక్రం సగం దాకా మునుగుతుంది, రంగు ఇరుసులోకి చేరి చక్రం బిగుసుకుంటుంది. కాగితం మీద గాట్లకు బదులు ఒకటే ముద్ద కనిపిస్తుంది. దానికి బదులు అంచు తక్కువగా ఉన్న వెడల్పాటి పళ్లెంలో మూడు పేపర్ టవల్స్ మడిచి, తడిపి, నీళ్లు పిండేసి పరచండి. దాని మీద రెండు టేబుల్ స్పూన్ల రంగు వేసి చెంచా వీపుతో రుద్దండి. స్టాంపు ప్యాడ్‌లా పనిచేస్తుంది. చక్రానికి పైపైన మాత్రమే రంగు అంటుతుంది.

రంగులు రెండే ఇవ్వండి. పసుపు, నీలం పెడితే గీతలు కలిసిన చోట ఆకుపచ్చ వస్తుంది. ఎరుపు, పసుపు పెడితే నారింజ. మూడూ ఒకేసారి పెడితే పది నిమిషాల్లో కాగితం అంతా మట్టిరంగవుతుంది. అదీ తప్పు కాదు గానీ, రంగు మారిన క్షణం పిల్లల కంటికి ఆనదు.

ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసైతే టెంపెరా పక్కన పెట్టి, కప్పు నీళ్లలో రెండు మూడు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద చిక్కబడేదాకా తిప్పి, పూర్తిగా చల్లార్చి, నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేయండి. ఇది వేళ్లకు కొంతసేపు అంటుకునే ఉంటుంది. అదే రోజు వాడి పారేయాలి.

ప్రింటర్ కాగితం తడిస్తే చిరుగుతుంది. డ్రాయింగ్ షీటు గానీ, విప్పి పరిచిన అట్టపెట్టె గానీ వాడండి. నాలుగు వైపులా మాస్కింగ్ టేపు వేయకపోతే కారుతో పాటు కాగితమూ నడుస్తుంది, పిల్లలకు చిరాకు పుడుతుంది. బల్ల మీద కంటే నేల మీదే నయం. చెయ్యి భుజం దాకా కదులుతుంది, గీత పొడుగ్గా సాగుతుంది. నేల మీద పాత దుప్పటి పరవండి. ప్లాస్టిక్ షీటు మీద రంగు పడితే కాలు జారుతుంది. తడిగుడ్డ పక్కనే ఉండాలి, ఎందుకంటే చేతికి రంగు అంటిందని ఏడ్చే పిల్లలుంటారు. గుడ్డ కనబడితే చాలామంది ఊరుకుంటారు.

ఇక మాటల దగ్గరికి. తెలుగులో పని తనంతట జరిగితే ఒక క్రియ, మనం జరిపిస్తే ఇంకో క్రియ. చక్రం తిరిగింది, నువ్వు తిప్పావు. కారు ఆగింది, నువ్వు ఆపావు. బండి దిగింది, నువ్వు దింపావు. టైరు మునిగింది, నువ్వు ముంచావు. రంగులు కలిశాయి, నువ్వు కలిపావు. ఇంగ్లిష్‌లో ఆగినా ఆపినా ‘స్టాప్’ అన్న ఒక్క మాటతో సరిపోతుంది కాబట్టి, బయట ఆ భాషలో పెరిగే పిల్లలు ‘కారు ఆపింది’ అనేస్తారు. ఈ జంటలు వివరిస్తే ఎక్కవు. చేత్తో తోసి వదిలిన కారు తనంతట దొర్లుతున్నప్పుడు చెవిన పడితే ఎక్కుతాయి. అందుకోసం ఒక అట్టను పుస్తకాల మీద ఓ జానెడు ఎత్తు వచ్చేలా వాలుగా ఆనించండి. పైన వదిలితే ‘దొర్లింది’, చేత్తో పట్టుకుని కిందికి తెస్తే ‘దొర్లించావు’. తేడా కళ్ల ముందే ఉంటుంది.

రెండో చిక్కు ‘నేను’. మనం పొద్దస్తమానం ‘నువ్వు తోశావు’ అంటుంటే, వాళ్లూ తమ గురించి ‘తోశావు’ అనే చెబుతారు. మీరూ ఒక బండి, ఒక కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. ‘నేను తోస్తున్నాను. నేను వెనక్కి లాగాను’ అని మీ పని మీరు చెప్పుకోండి. వాళ్ల కాగితం మీద మాత్రం మీ చెయ్యి పడకూడదు. ఒక్క గీత సరిచేసినా కారు మీ చేతికిచ్చి ‘నువ్వే వెయ్యి’ అంటారు.

గిర్రున తిరిగింది, జర్రున జారింది, గడగడా వెళ్లింది, టపటపా పడింది: ఈ ధ్వని మాటలు మన భాషలో కుప్పలు. మాటలు ఇంకా రాని పిల్లలు కూడా వీటిని ముందు అందుకుంటారు. మొహమాటపడకుండా గట్టిగా అనండి. అయితే ప్రతి కదలికకూ వ్యాఖ్యానం వద్దు. ఒక వాక్యం చెప్పి, మనసులో అయిదు లెక్కపెట్టుకుని ఆగండి. ‘కార్ గో’ అంటే సరిదిద్దకండి, ‘అవును, కారు వెళ్తోంది’ అని తెలుగులో తిరిగి చెబితే చాలు. ‘ఇదేం రంగు? చెప్పు’ అని పరీక్ష పెడితే నోరు మూతపడుతుంది.

వీడియో కాల్‌లో అమ్మమ్మో తాతయ్యో ‘ఏం బొమ్మ వేశావురా కన్నా?’ అని ప్రేమగానే అడుగుతారు. బొమ్మ లేదు కనుక పిల్లల దగ్గర జవాబుండదు. ముందే వాళ్లకు చెప్పి పెట్టండి: ‘ఏ బండితో వేశావు? ఎటు వెళ్లింది? మాకు తోసి చూపించు’ అని అడగమని. కాగితంతో పాటు కారును కూడా కెమెరా ముందు ఉంచితే రెండు మాటలైనా తెలుగులో వస్తాయి.

ఆట అయిదు నిమిషాల్లో ముగిసినా బలవంతపెట్టకండి. గిన్నెడు గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్ ఇస్తే కార్లు కడగడంలో ఇంకో పావుగంట గడుస్తుంది. అది పెయింటింగ్ కంటే ఎక్కువ నచ్చే పిల్లలున్నారు. నీళ్లు రెండు అంగుళాలున్నా పక్కనుంచి లేవకండి. ఇనుప ఇరుసులున్న కార్లను నానబెడితే తుప్పు పడతాయి కాబట్టి వెంటనే తుడిచి, చక్రాలు పైకి ఉండేలా గుడ్డ మీద తలకిందులుగా పెట్టండి. ‘కారు తడిసింది, నువ్వు తడిపావు. ఇప్పుడు ఆరబెడదాం’ అనడానికి ఇంకో అవకాశం కూడా.