కంప్యూటర్లో మంట వెలిగించాను: చెన్నైలో ఎం.టెక్. ప్రాజెక్టు అనుభవం

మంట ఎలా మండుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడమే నా ప్రాజెక్టు. అందుకు మా సార్ ఇచ్చిన కేసు శాండియా ఫ్లేమ్ డి అనే ప్రయోగశాల మంట. పావు వంతు మీథేన్, మిగతా గాలి కలిపి, 7.2 మిల్లీమీటర్ల గొట్టంలోంచి సెకనుకు దాదాపు 50 మీటర్ల వేగంతో వదిలే మంట. దాని కొలతలన్నీ అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి, మన లెక్క ఎంత పక్కకు పోయిందో ఎవరైనా పట్టేస్తారు.

ల్యాబ్‌లో నెల్లూరు సీనియర్ ఒకాయన ఉండేవాడు. "అప్పుడే మంట పెట్టబాక తమ్ముడా, ముందు చల్లటి ఫ్లో సరిగ్గా రానీ" అన్నాడు. సుడులు తిరిగే ప్రవాహాన్ని లెక్కగట్టే మామూలు కె-ఎప్సిలాన్ మోడల్‌ గొట్టంలోంచి దూసుకొచ్చే గుండ్రటి జెట్‌ను ఉండాల్సిన దానికన్నా వెడల్పుగా చూపిస్తుంది. అందుకని ఆ మోడల్లో 1.44 ఉండే స్థిరాంకాన్ని 1.6 చేస్తారు. ఈ సర్దుబాటు నాకు పెద్దగా నచ్చలేదు కానీ, జెట్ మాత్రం దారికొచ్చింది.

అసలు టెన్షన్ కెమిస్ట్రీతో. మీథేన్ మంటలోని రసాయన చర్యల పట్టిక జీఆర్ఐ-మెక్ 3.0లో 53 పదార్థాలు, 325 చర్యలు. ఓపెన్‌ఫోమ్ (ప్రవాహాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) స్థలాన్ని చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలో, ప్రతి టైమ్ స్టెప్‌లో వాటన్నిటినీ లెక్కగట్టాలి. కొన్ని రాడికల్స్ (చురుకైన తాత్కాలిక పదార్థాలు) మైక్రోసెకను లోపలే పుట్టి పోతాయి, ఫ్లో మాత్రం తీరిగ్గా కదులుతుంది. పైగా మంట ఉన్న గడులు పడ్డ ప్రాసెసర్లు చెమటోడుస్తుంటే, చల్లగాలి గడులవి పని ముగించుకుని ఎదురుచూస్తుంటాయి. అందుకే చిన్న మెకానిజంతో (తక్కువ చర్యల పట్టికతో) మంట నిలబెట్టి, తర్వాతే పెద్దదానికి మారాను. ఒకసారి చేసిన లెక్కను దాచుకుని, అలాంటి స్థితి మళ్లీ వస్తే వాడుకునే ఐశాట్ పద్ధతి (పోప్, 1997) లేకపోతే క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) క్యూలోనే నా సెమిస్టర్ గడిచిపోయేది.

ఇంకో చిక్కు ఉంది. మన లెక్క సగటు ఉష్ణోగ్రతనే చూస్తుంది. ఒకే చోట సగంసేపు 300 కెల్విన్ వాయువు, సగంసేపు 2000 కెల్విన్ వాయువు ఉంటే సగటు 1150. కానీ 1150 దగ్గర చర్య వేగం, ఆ రెండు వేగాల సగటు కాదు, ఎందుకంటే ఆ వేగం ఉష్ణోగ్రతతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. చర్యలు అతి చిన్న సుడుల్లోనే జరుగుతాయనుకునే ఈడీసీ మోడల్ పెట్టాక మంట ఆకారం కుదిరింది.

ఉష్ణోగ్రత గ్రాఫ్ కొలతల దగ్గరికి వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఎక్కువే చూపిస్తోంది. సీనియర్ ఆ గ్రాఫ్‌ను అనుబంధంలోకి తోసేయమన్నాడు, నేను మొదటి పేజీల్లోనే పెట్టాను. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే. ఉష్ణోగ్రత కుదిరినంత తేలిగ్గా మధ్యలో పుట్టి కాలిపోయే పదార్థాలు కుదరవని, వాటికి వాయువులు ఎలా కలుస్తాయో చెప్పే మిక్సింగ్ మోడలే కీలకమని చెప్పాను. పెద్ద సుడులను నేరుగా లెక్కగట్టే భారీ పద్ధతి పేరు చెప్పి, "అయితే ఎల్ఈఎస్ చేసి చూపించు" అన్నారు పరీక్షకులు.